చేతి చమురు స్టార్టప్

మా మేనకోడలి దగ్గర రెండొందల పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటుంది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి తెనాలి వచ్చి, చిరుధాన్యాల పిండ్లు, రాగి మాల్ట్, నల్లకారం ప్యాకెట్లలో అమ్మడం మొదలుపెట్టిన రోజున కొన్నది. ఎడమ పేజీ ఖర్చులకి. కుడి పేజీ నెత్తిన 'ఊరికే వచ్చినవి' అని రాసుకుంది. ఆ కుడి పేజీలో మొట్టమొదటి పద్దు: 'ఉద్యమ్ రిజిస్ట్రేషన్, 2,499'. తర్వాత దాన్ని కొట్టేసి, బాణం గీసి, ఎడమ పేజీలోకి పంపించింది.

"గవర్నమెంటు సైటే అనుకున్నా మావయ్యా. మూడు సింహాల బొమ్మ కూడా ఉంది," అంది.

చిన్న, సూక్ష్మ పరిశ్రమల కోసం కేంద్రం 2020 జూలై 1న మొదలుపెట్టిన ఉద్యమ్ నమోదుకి పైసా ఫీజు లేదు. ఆధార్, పాన్ ఉంటే పావుగంట పని. కాగితాలేవీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. కానీ ఇంటర్నెట్‌లో వెతికితే అసలు సైటు కంటే ముందు ప్రకటనల రూపంలో నకళ్లు కనిపిస్తాయి. వాళ్లు చేసేది కూడా మన వివరాలు తీసుకెళ్లి ఆ ఉచిత సైటులోనే నింపడం. చిరునామా చివర 'గవ్ డాట్ ఇన్' ఉందో లేదో చూసుకునే అలవాటు లేక ఎంతమందికి చేతి చమురు వదిలిందో!

సొంత డబ్బుతో వ్యాపారం మొదలుపెట్టేవాళ్లకి ఊరికే దొరికే సాయం ఏమిటి, ఎక్కడ, అందులో తిరిగినందుకు ఫలితం ఉండేది ఏది అన్న ప్రశ్న నాకు ఆ కొట్టేసిన పద్దు దగ్గర మొదలైంది. తర్వాత ఏడాదిన్నర పాటు ఆమె పక్కనే ఉండి చూశాను. కూకట్‌పల్లిలో స్కూలు బస్సుల యాప్ నడుపుతున్న ఇద్దరు కుర్రాళ్లనీ గమనించాను. పథకాల పేర్లు ఏకరువు పెట్టే పుస్తకాలు, వీడియోలు తెలుగులో కొల్లలు. వాటిలో దొరకనిది ఒకటే: ఆ సాయం అందుకోవడానికి ఎన్ని రోజులు పోతాయి?

ఇన్వెస్టరు వెనక లేనివాళ్లకి ఆ లెక్క ప్రాణంతో సమానం. మా అమ్మాయి దాచుకున్నది 6 లక్షలు. ఇల్లు, సరుకు, కరెంటు, ఒక మనిషి జీతం కలిపి నెలకి 40 వేలు. అంటే 15 నెలలు. అందులో 2 నెలలు ఒక గ్రాంటు చుట్టూ తిరిగితే, అది వచ్చినా రాకపోయినా, 80 వేలు పెట్టి టికెట్ కొన్నట్టే. అందుకే ఈ సమీక్షకి నేను పెట్టుకున్న తూకంరాయి రూపాయి కాదు, రోజు.

ఫీజు లేని తలుపులు

కొన్ని ఒక్క పూటలో అయిపోతాయి. జీఎస్టీ నమోదుకి పోర్టల్లో ఫీజు లేదు. ఇంట్లో చిన్నగా తిండి పదార్థాలు చేసి అమ్మేవాళ్లకి ఆహార భద్రత సంస్థ ప్రాథమిక రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలు. ప్యాకెట్ మీద వేసే 14 అంకెల నంబరు దాంతోనే వస్తుంది. మా ఊళ్లో దీనికే రెండు మూడు వేలు అడిగే ఏజెంట్లున్నారు. వాళ్లని తిట్టలేను. ఆ ఫారంలో 'వ్యాపార రకం' అని వచ్చే జాబితా చూస్తే చదువుకున్నవాడికి కూడా కళ్లు తిరుగుతాయి.

ఇక కంపెనీ. అధీకృత మూలధనం 15 లక్షల లోపు ఉంటే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టడానికి కేంద్రం వసూలు చేసే రిజిస్ట్రేషన్ ఫీజు 2019 నుంచి సున్నా. స్టాంపు డ్యూటీ, డిజిటల్ సంతకం, ఆడిటరు ఫీజు వేరే. ఈ సున్నా చూసి మోజుపడి కంపెనీ పెట్టేసినవాళ్లు నాకు చాలామందే తెలుసు. అసలు ఖర్చు రెండో ఏడాది మొదలవుతుంది. అమ్మకం ఒక్క రూపాయి లేకపోయినా ఆడిట్ చేయించాలి, వార్షిక పత్రాలు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. రెండు ఫారాలు ఏడాది పాటు మర్చిపోతే 73 వేలు. ఊరికే తెరిచిన తలుపు మూయడానికి మళ్లీ డబ్బు కట్టాలి.

జనం అసలు కంపెనీ ఎందుకు పెడుతున్నారంటే, ఎక్కువమంది చెప్పే జవాబు 'స్టార్టప్ సర్టిఫికెట్ కోసం' అని. 2016 జనవరి 16న మొదలైన స్టార్టప్ ఇండియా కింద పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక శాఖ ఇచ్చే గుర్తింపు అది. అందరూ డీపీఐఐటీ సర్టిఫికెట్ అంటారు. దానికీ ఫీజు లేదు. కంపెనీకో, ఎల్‌ఎల్‌పీకో, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థకో ఇస్తారు గానీ, ఒక్కరి పేరు మీద నడిచే ప్రొప్రైటర్‌షిప్‌కి ఇవ్వరు. దాంతో వచ్చే లాభాల్లో పదేళ్లలో మూడేళ్ల ఆదాయపు పన్ను మినహాయింపు గురించి గొప్పగా చెబుతారు. దానికి వేరే దరఖాస్తు, వేరే కమిటీ ఉన్నాయి. పైగా లాభం వచ్చినప్పటి మాట అది! ప్రభుత్వ టెండర్లలో ధరావతు, పాత అనుభవం నిబంధనల నుంచి సడలింపు మాత్రం ప్రభుత్వానికి అమ్మదలుచుకున్నవాళ్లకి నిజంగా పనికొచ్చేదే.

ట్రేడ్‌మార్క్ సంగతి చూడండి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే కంపెనీలకి ఒక్కో తరగతికి 9,000. స్టార్టప్‌లకి సగం, 4,500. 'సర్టిఫికెట్ ఉంటే సగం ధర' అని అందరూ చెప్పేది ఇదే. అయితే మామూలు మనిషి తన సొంత పేరు మీద దరఖాస్తు చేసినా 4,500లే. ఉద్యమ్ ఉన్న చిన్న సంస్థకీ అంతే. అంటే దీనికోసం కంపెనీ పెట్టాల్సిన పనే లేదు. పేటెంటు దరఖాస్తు కూడా ఇలాగే: పెద్ద కంపెనీకి 8,000 అయ్యే చోట వ్యక్తికీ, స్టార్టప్‌కీ, చిన్న సంస్థకీ 1,600. సర్టిఫికెట్‌తో అదనంగా వచ్చేది వేరే ఉంది. కేంద్రం నియమించిన ఫెసిలిటేటర్లు, అంటే పేటెంటు ఏజెంట్లు, దరఖాస్తు రాసిపెడితే వాళ్ల ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. పేటెంటు రాయించడానికి బయట అయ్యే ఖర్చు తెలిసినవాళ్లకి దీని విలువ చెప్పక్కర్లేదు. నిజంగా కొత్త వస్తువు కనిపెట్టినవాళ్లు ఈ ఒక్కదానికోసమే సర్టిఫికెట్ తీసుకున్నా తప్పులేదు. రాగి మాల్ట్ అమ్మేవాళ్లకి తొందరేం లేదు. మా అమ్మాయి ఇప్పటికీ ప్రొప్రైటరే.

ఊరికే వచ్చే డబ్బు

దీని గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే సొంత డబ్బు మనుషులు ఎక్కువ రోజులు పోగొట్టుకునేది ఇక్కడే.

2021లో కేంద్రం 945 కోట్లతో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పెట్టింది. నమూనా తయారీకి 20 లక్షల దాకా గ్రాంటు. మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల దాకా అప్పుగానో, తర్వాత వాటాగా మారే రుణంగానో. డబ్బు నేరుగా రాదు, ఎంపికైన ఇంక్యుబేటర్ల ద్వారా వస్తుంది. పథకాన్ని మొదట నాలుగేళ్లకని రూపొందించారు. అందుకని దరఖాస్తు నింపే ముందు ఇంక్యుబేటర్‌కి ఫోన్ చేసి, మీ దగ్గర ఇంకా పంచడానికి డబ్బుందా అని అడగడం మర్యాద తక్కువేం కాదు. బయోటెక్ వాళ్లకి బైరాక్ సంస్థ ఇచ్చే 50 లక్షల ఇగ్నిషన్ గ్రాంటు ఉంది. హార్డ్‌వేర్ నమూనా చేసేవాళ్లకి సైన్స్, టెక్నాలజీ శాఖ వారి 'నిధి ప్రయాస్' కింద 10 లక్షల దాకా ఉంది. ఈ రెండూ పరిశోధన చేతిలో ఉన్నవాళ్ల కోసం పుట్టినవి. వాళ్లకి ఇవి వరమే. దుకాణం పెట్టేవాళ్లు అటు చూడటం వృథా.

ముద్రా రుణాలు, పీఎంఈజీపీ సబ్సిడీ ఉచితం కిందికి రావు, అవి అప్పులు. పీఎంఈజీపీలో ప్రభుత్వం ఇచ్చే 15 నుంచి 35 శాతం సబ్సిడీ కూడా మన చేతికి రాదు. బ్యాంకులో మూడేళ్లు డిపాజిట్‌గా ఉండి, తర్వాత అప్పులో జమ అవుతుంది. ఈ సంగతి తెలియక 'సబ్సిడీ పడగానే యంత్రం కొంటాను' అని కూర్చున్నవాళ్లని చూశాను. మన ఊళ్లలో ఆడవాళ్ల వ్యాపారాలకి మొదటి పెట్టుబడి ఈ పథకాల నుంచి కాదు, పొదుపు సంఘం నుంచి వచ్చింది. దాన్ని స్టార్టప్ నిధి అని ఎవరూ పిలవకపోవడం నాకెప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది.

గాజు భవనాలు, వాటి వెనక షెడ్లు

తెలుగు రాష్ట్రాల్లో స్టార్టప్ అనగానే భవనం కళ్ల ముందు నిలుస్తుంది. 2015 నవంబరులో ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో మొదలైన టీ-హబ్, 2022 జూన్‌లో రాయదుర్గంలో కొత్త భవనంలోకి మారింది. ఆడవాళ్ల వ్యాపారాల కోసం 2018 మహిళా దినోత్సవం రోజున వీ-హబ్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో మంగళగిరి కేంద్రంగా రతన్ టాటా ఇన్నొవేషన్ హబ్ మొదలైంది. విశాఖ, రాజమండ్రి, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో దాని శాఖలు. వీటికన్నా ముందు, 2008 నుంచే ట్రిపుల్ ఐటీలో సీఐఈ ఇంక్యుబేటర్ ఉంది. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వ్యవసాయ వ్యాపారాల ఇంక్యుబేటర్ 2003 నాటిది.

వీటిలో ఊరికే దొరికేదేమిటి? కుర్చీ, బల్ల, వైఫై మాత్రం కాదు. చాలాచోట్ల సీటుకి నెలవారీ డబ్బు కట్టాలి. కొన్ని ఇంక్యుబేటర్లు డబ్బు బదులు కంపెనీలో వాటా అడుగుతాయి. సొంత డబ్బు పెట్టినవాడు రెండు శాతం వాటా ఇచ్చి కుర్చీ తీసుకోవడం కన్నా పెరట్లో రేకుల షెడ్డు వేసుకోవడం నయం. ఇక్కడ ఊరికే దొరికేవి రెండు: సాయంత్రం పూట జరిగే సభలు, వాటిలో తగిలే మనుషులు. కూకట్‌పల్లి కుర్రాళ్లు ఆర్నెల్ల పాటు వారానికి రెండు సభలకి వెళ్లారు. సమోసాలు బాగుండేవట. కస్టమరు ఒక్కడూ తగల్లేదు. స్కూళ్ల కరస్పాండెంట్లు స్టార్టప్ సభలకి రారు కదా. ఆ సంగతి తట్టాక సభలు మానేసి, పొద్దున్నే స్కూలు గేట్ల దగ్గర బస్సు డ్రైవర్లతో టీ తాగడం మొదలుపెట్టారు. మొదటి స్కూలు ఒక డ్రైవరు ద్వారానే వచ్చింది.

భవనాల కంటే నాకు షెడ్ల మీద గురి ఎక్కువ. రాయదుర్గంలోనే 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్‌లో లోహం కోసే యంత్రాలు, త్రీడీ ప్రింటర్లు, సర్క్యూట్ బోర్డు యంత్రాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. వాడుకకి రేట్లుంటాయి. కానీ 40 లక్షల యంత్రం కొనే బదులు గంటకింతని కట్టి వాడుకోవడం ఉచితంతో సమానమే. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థ పేరు ఈ తరం కుర్రాళ్లు వినలేదు. అచ్చు చేయించుకోవాలంటే ఆ చుట్టుపక్కల వీధుల్లో తిరిగితే చాలు, సగం ఇంజనీరింగ్ సలహా టీ ఖర్చుతో దొరుకుతుంది.

తిండి వ్యాపారం వాళ్లకి రాజేంద్రనగర్ ఒక ప్రపంచం. అక్కడి చిరుధాన్యాల పరిశోధన సంస్థలో న్యూట్రిహబ్ అనే ఇంక్యుబేటర్ ఉంది. కొర్రలు, సామల పొట్టు తీసే యంత్రాల నుంచి అటుకులు చేసేవాటి దాకా ఉన్నాయి. వ్యవసాయ స్టార్టప్‌ల కోసం మేనేజ్, నార్మ్ అనే సంస్థల్లోనూ ఇంక్యుబేటర్లున్నాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు ప్రచురించింది. రాగిలో కాల్షియం ఎంత, కొర్రలో పీచు ఎంత అన్నది అందులో చూసుకోవచ్చు. లేబుల్ మీద అచ్చు వేసే ముందు సొంత నమూనాని ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే. కానీ ఏ పాళ్లలో కలిపితే ఏమొస్తుందో ఇంట్లో కూర్చుని లెక్కేసుకోవడానికి ఆ పట్టిక చాలు. మా అమ్మాయి నాలుగు మిశ్రమాలు కాగితం మీద వేసి, మూడు కొట్టేసి, ఒక్కదాన్నే ల్యాబ్‌కి పంపింది. కుడి పేజీలో ఆ రోజు పద్దు: 'మూడు టెస్టులు తప్పాయి'.

రామభద్ర, సూరన్న, మండలి

సాఫ్ట్‌వేర్ దగ్గర ఉచితం అనే మాటకి రెండు అర్థాలు. ఒకటి ఎర, రెండోది హక్కు.

ఎర ఎలా ఉంటుందంటే: క్లౌడ్ కంపెనీలు స్టార్టప్‌లకి క్రెడిట్లు ఇస్తాయి. ఇన్వెస్టరు లేనివాళ్లకి అమెజాన్ ఇచ్చేది 1,000 డాలర్ల దాకా. పేరున్న ఇన్వెస్టరో యాక్సిలరేటరో వెనక ఉంటే లక్ష డాలర్ల దాకా. ఉన్నవాడికే పెట్టడం లోకరీతి! సరే, వెయ్యి డాలర్లూ తక్కువేం కాదు, చిన్న యాప్‌కి ఏడాది గడుస్తుంది. కూకట్‌పల్లి కుర్రాళ్లు ఒక కంపెనీ ఇచ్చిన క్రెడిట్లు వాడుకున్నారు. ఊరికే వచ్చాయి కదా అని పరీక్షలకోసం పెద్ద సర్వరు ఒకటి తెరిచి, ఆపడం మర్చిపోయారు. గడువు అయిపోయిన నెల కార్డు మీద 38 వేల బిల్లు పడింది. ఇద్దరి ఇంటద్దె కన్నా ఎక్కువ. తర్వాత అంతా నెలకి కొన్ని వందల రూపాయల చిన్న సర్వరు మీదికి మార్చుకున్నారు. పద్దెనిమిది బస్సులకి అంతకన్నా అక్కర్లేదని అప్పుడు తెలిసింది.

హక్కుగా వచ్చే ఉచితం ఓపెన్ సోర్స్. లిబ్రె ఆఫీస్, పోస్ట్‌గ్రెస్, కీక్యాడ్, ఇంక్‌స్కేప్‌లకి గడువు లేదు, కార్డు నంబరు అడగవు. లెక్కలకీ సరుకు నిల్వకీ ముంబై వాళ్లు చేసిన ఈఆర్‌పీనెక్స్ట్ ఉంది. నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, అది మాత్రం ముందే చెప్పాలి. ఐదారు వస్తువులు అమ్మేవాళ్లకి అంత హంగు అక్కర్లేదు, స్ప్రెడ్‌షీటు చాలు. చెల్లింపులకి యూపీఐ ఉంది. 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర లావాదేవీ చార్జీ లేదు. ఈ దేశంలో చిన్న వ్యాపారికి దొరికిన అతిపెద్ద ఉచితం ఇదేననిపిస్తుంది. కౌంటరు మీద పెట్టే ఆ మాట్లాడే డబ్బాకి మాత్రం నెలనెలా అద్దె కడుతున్నాం, గమనించారా?

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా దొరికినదొకటి చెప్పాలి. సిలికానాంధ్ర పూనికతో వెలువడిన తెలుగు యూనికోడ్ ఖతులు (రామభద్ర, సూరన్న, మండలి, గిడుగు, ధూర్జటి, ఇంకా ఎన్నో) ఇప్పుడు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. వ్యాపారానికి వాడుకోవచ్చు, ఎవరికీ రాయల్టీ కట్టక్కర్లేదు. మా అమ్మాయి ఇంక్‌స్కేప్‌లో కూర్చుని, 'రాగి మాల్ట్' అని రామభద్రలో లావుగా పెట్టి, కింద దినుసులు మండలిలో పెట్టి, లేబుల్ తనే గీసుకుంది. పెన్ డ్రైవ్‌లో వేసుకుని ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్లింది. అక్కడ డీటీపీ అబ్బాయి, "కోరెల్ ఫైలు కావాలక్కా. ఇదేదో మాకు తెరుచుకోదు" అన్నాడు. మా అమ్మాయి అక్కడే నిలబడి అక్షరాలన్నీ గీతలుగా మార్చి పీడీఎఫ్ చేసి ఇచ్చింది. మూడు నిమిషాల పని. ఆ అబ్బాయి తెర మీదికి వంగి 'రా' కింద గుండ్రాన్ని పెద్దది చేసి చూశాడు. "ఈ ఫాంటు కొన్నారా అక్కా?" అని అడిగి, కాదని చెప్పగానే తన పెన్ డ్రైవ్ తీసి చేతిలో పెట్టాడు.

కాకినాడలో జరిగిన సంగతి

ఊరికే దొరికే సాయాల్లో మనిషి సమయమే అన్నిటికంటే విలువైనదని అందరూ అంటారు. దానికి మన దగ్గరే జరిగిన ఒక పరీక్ష ఉంది. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్‌ఎంఈ అని పిలుస్తున్న సంస్థ 1960ల్లో హైదరాబాద్ వచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ. 1964లో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ దాంతో కలిసి కాకినాడ నుంచి 52 మంది చిన్న వ్యాపారులని రప్పించి శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడటానికి రాజమండ్రిని ఎంచుకున్నారు. వాళ్లకి శిక్షణ లేదు. కాకినాడ వాళ్లకి ఇచ్చింది అప్పు కాదు, యంత్రమూ కాదు. తమ లక్ష్యాలు తామే రాసుకోవడం, తమలాంటి వ్యాపారులతో కూర్చుని వాటిని చర్చించుకోవడం. ఆ పాఠాల్లో రింగులు విసిరే ఆట ఒకటి ఉండేది. మేకుకి ఎంత దూరంలో నిలబడాలన్నది ఆడేవాడి ఇష్టం. మరీ దగ్గర నిలబడితే గొప్పేం లేదు, మరీ దూరమైతే లాటరీ. తన చేతివాటానికి తగ్గ దూరం ఎంచుకోవడమే నేర్చుకోవాల్సింది. తర్వాతి ఏళ్లలో వెళ్లి చూస్తే, శిక్షణ పొందినవాళ్లు మిగతావాళ్లకంటే చురుగ్గా కొత్త వ్యాపారాలు పెట్టారు, పెట్టుబడి పెంచారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. మెక్‌లెలాండ్, డేవిడ్ వింటర్ దీని మీద 1969లో పుస్తకం ప్రచురించారు. ప్రపంచమంతా మేనేజ్‌మెంట్ తరగతుల్లో ఈ కాకినాడ ప్రయోగం చెబుతారు. కాకినాడలో అడిగితే తెలిసినవాళ్లు అరుదు.

దీన్ని అతిగా చదవకూడదు. అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లని తీసుకున్నారు. ఒట్టి మాటలతో వ్యాపారం పుట్టదు. కానీ డబ్బివ్వని సాయం కూడా లెక్కకి అందే ఫలితం ఇస్తుందని దీన్నిబట్టి చెప్పవచ్చు. రెడ్‌బస్ కథలోనూ ఇదే. 2006లో ఫణీంద్ర సామ, ఇద్దరు స్నేహితులు బెంగళూరులో సొంత డబ్బు 5 లక్షలతో మొదలుపెట్టారు. అక్కడి టై సంస్థ తన కార్యక్రమానికి వాళ్లని ఎంచుకుని అనుభవజ్ఞులని మెంటర్లుగా ఇచ్చింది. పెద్ద పెట్టుబడి ఆ తర్వాత వచ్చింది. 2013లో ఐబిబో ఆ కంపెనీని కొనుక్కుంది. ఫణీంద్ర తర్వాత తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నొవేషన్ ఆఫీసరుగా పనిచేశారు.

ఇప్పుడు మెంటర్లకి కొదవ లేదు. స్టార్టప్ ఇండియా వారి 'మార్గ్' పోర్టల్లో ఉన్నారు, ప్రతి ఇంక్యుబేటర్ గోడ మీదా ఫొటోలున్నాయి, అమెరికా నుంచి శనివారం రాత్రి వీడియో కాల్‌లో సలహా ఇచ్చే మనవాళ్లున్నారు. కొరత ఉన్నది మన ప్రశ్నల్లో. 'నా ఐడియా ఎలా ఉంది సార్?' అని అడిగితే 'బాగుంది, స్కేల్ ఆలోచించు' అనే జవాబే వస్తుంది. 'కిలో రాగి మాల్ట్ మీద డిస్ట్రిబ్యూటరు 28 శాతం మార్జిన్ అడుగుతున్నాడు, ఇస్తే నాకు 9 రూపాయలు మిగులుతుంది, ఇవ్వాలా?' అని మా అమ్మాయి అడిగిన రోజున, ముప్పై ఏళ్లు పచ్చళ్లు అమ్మిన ఒక పెద్దాయన గంటన్నర ఫోను పెట్టలేదు. ఏ పోర్టల్లోనూ లేడాయన. మా వీధి చివర కిరాణా కొట్టాయన బావమరిది.

ఉచిత మనుషుల్లో ప్రభుత్వం పెట్టినవాళ్లూ ఉన్నారు. తిండి వ్యాపారాల కోసం 2020లో వచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద జిల్లా రిసోర్స్ పర్సన్లని నియమించారు. ప్రాజెక్టు నివేదిక, బ్యాంకు కాగితాలు, లైసెన్సులు వాళ్లే దగ్గరుండి చేయిస్తారు, మన దగ్గర తీసుకునేది లేదు. వాళ్ల ఫీజు ప్రభుత్వం ఇస్తుంది, అదీ లోను మంజూరైతేనే. కాబట్టి సహజంగానే లోను వైపు నడిపిస్తారు. 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ నిజమే. కానీ నెలకి యాభై కిలోలు అమ్మే మనిషికి 12 లక్షల యంత్రాల నివేదిక తయారవుతుంది. మా అమ్మాయి తమ జిల్లా రిసోర్స్ పర్సన్ దగ్గర కాగితాల పని నేర్చుకుని, లోను మాట 'సంక్రాంతి తర్వాత చూద్దామండీ' అని వాయిదా వేసింది. ఆ సంక్రాంతి వెళ్లి ఇంకో సంక్రాంతి వచ్చింది. ఊళ్లలో ఉన్నవాళ్లు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీలని మరవకూడదు. శిక్షణ ఊరికే, భోజనం వసతి కూడా. ధర్మస్థల దగ్గర ఉజిరెలో 1982లో మొదలైన రుడ్‌సెటీ నమూనా అది. స్టార్టప్ అన్న మాటే వాడరక్కడ.

మన డబ్బు మనకి రావడం

ఇవన్నీ చూశాక, సొంత డబ్బు వ్యాపారికి చట్టం ఇచ్చిన అన్నిటికంటే పెద్ద ఉచిత సాయం ఏ స్టార్టప్ సభలోనూ ఎవరూ చెప్పనిదేనని నాకు తేలింది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకో సేవో తీసుకున్నవాడు ఒప్పందంలో ఎంత రాసుకున్నా 45 రోజులకి మించి డబ్బు ఆపకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీతో. 2017 నుంచి సమాధాన్ పోర్టల్లో ఫిర్యాదు చేయవచ్చు. ఆ ఫిర్యాదు వినే రాష్ట్ర కౌన్సిల్ తీర్పు మీద కోర్టుకి వెళ్లాలంటే కొనుగోలుదారు ముందు 75 శాతం జమ చేయాలి. దీనికి తోడు 2023 బడ్జెట్‌లో ఇంకో మెలిక పెట్టారు. గడువులోపు చెల్లించకపోతే కొన్నవాడు ఆ మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోలేడు. మార్చి నెలలో పెద్ద కంపెనీల అకౌంట్స్ వాళ్లు చిన్న సరఫరాదారులకి ఫోన్లు చేసి 'మీ ఉద్యమ్ నంబరు పంపండి' అంటున్నది అందుకే.

షరతులున్నాయి. కొని అమ్మే వ్యాపారులకి ఈ రక్షణ వర్తించదు, తయారీదారులకీ సేవలందించేవాళ్లకీ మాత్రమే. ఉద్యమ్ నమోదు సరుకు పంపకముందే ఉండాలా, తర్వాతైనా సరిపోతుందా అన్న దాని మీద కోర్టుల్లో వాదనలు నడిచాయి. ఆ వాదనలో మనం పడకుండా ఉండాలంటే మొదటి బిల్లుకి ముందే చేయించుకోవడం మేలు.

అయినా ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ. కేసు పెట్టిన కొట్టుకి మళ్లీ సరుకు ఎలా వేస్తాం? మా అమ్మాయి సరుకు తీసుకున్న హైదరాబాద్ దుకాణం ఒకటి 83,400 ఇవ్వాలి. రెండు నెలలు 'సోమవారం వేస్తాం మేడమ్' అన్నారు. ఆమె ఫిర్యాదు చేయలేదు. కొత్త ఇన్వాయిస్ నమూనా చేసుకుంది. పైన ఉద్యమ్ నంబరు, కింద రెండే వాక్యాలు: ఈ బిల్లు చట్టప్రకారం ఫలానా తేదీకి చెల్లించాలి, ఆ తర్వాత చట్టం చెప్పిన వడ్డీ వర్తిస్తుంది. పాత బిల్లునే ఆ రూపంలో మళ్లీ పంపి, నకలు వాళ్ల ఆడిటరుకి కూడా పెట్టింది. తొమ్మిదో రోజున డబ్బు పడింది. ఆ దుకాణం తర్వాత కూడా ఆర్డరు ఇచ్చింది, ఈసారి సగం అడ్వాన్సుతో. నోటుబుక్కులో ఆ 83,400 ఏ పేజీలో రాయాలో తెలియక రెండు పేజీల మధ్య, కుట్టు మీద రాసింది.

మొన్న ఫోన్ చేసింది. అమ్మకానికొచ్చిన సెకండ్ హ్యాండ్ పొట్టు యంత్రం ఒకటి చూసిందట, లక్షా పదివేలు చెబుతున్నారు. కొనేముందు అలాంటిదాని మీద సొంత గింజలు ఆడించి నూక ఎంత పోతుందో చూడాలని రాజేంద్రనగర్‌లో మాట్లాడుకుంది, గంటకింతని కడుతుంది. "గురువారం పొద్దున్న దిగుతా మావయ్యా. పది కిలోల కొర్రలు, ఐదు కిలోల సామలు తెస్తున్నా. స్టేషన్‌కి స్కూటర్ కాదు, ఆటో తీసుకురా," అంది.